ఉస్తానీమా నేర్పిన దాదన్

నాకు ముక్కు మీద కోపం. పళ్లూడి, మోకాళ్లు పట్టేసిన ఈ వయసులో కూడా అది తగ్గలేదు. ఆ కోపంలో చాలామందిని చాలా మాటలన్నాను, తిరిగి పడ్డాను కూడా. వాటిని తలుచుకుని నేను బాధపడింది లేదు. ఒక్క మాట మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది. అన్నం కలుపుతుంటే గుర్తొస్తుంది, జడ వేసుకుంటుంటే గుర్తొస్తుంది, వచ్చినప్పుడల్లా సిగ్గుతో తల దించుకుంటాను, ఎదురుగా ఎవరూ లేకపోయినా సరే. అది ఫారసీ నేర్చుకున్నప్పటి సంగతి.

పంతొమ్మిది వందల నలభైల మొదట్లో మాట. ఎక్కడో యుద్ధం నడుస్తోంది, మా గల్లీలో కిరసనాయిలుకు వరుసలో నిలబడుతున్నాం. హైదరాబాదులో లాడ్ బజారు వెనక మా ఇల్లు. మా ఆయన పోయి రెండేళ్లయింది. ఇంట్లో నేనూ మా అత్తా, ఇద్దరమే. మా మరిది బేగంబజారులో ఇత్తడి సామాన్ల దుకాణం చూసుకుంటూ, బియ్యమూ పప్పూ పంపేవాడు, కాకికి మెతుకులు విసిరినట్టు. ఒక నెల పంపేవాడు, ఒక నెల మరిచిపోయేవాడు.

మా నాన్న పుణ్యమా అని మిడిల్ దాకా చదువుకున్నాను గనక, ఒక ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు తెలుగూ లెక్కలూ చెప్పే పని దొరికింది. పని తాత్కాలికమే. చలికాలం పోయాక జరిగే పరీక్షలో ఫారసీ పేపరు కూడా పాసైతే ఉద్యోగం ఖాయం చేస్తారు, తప్పితే ఆ వేసవితో సరి. ఉర్దూ నాకు వచ్చు, ఆ గల్లీల్లో పెరిగినవాళ్లకు రాకుండా ఎట్లా ఉంటుంది? ఫారసీ మాత్రం ఒక్క ముక్క రాదు. అది రాకపోతే ఇక మేమిద్దరం మరిది విసిరే మెతుకుల కోసం గుమ్మంలో చూస్తూ కూర్చోవాల్సిందే.

మా వాకిలికీ పక్కింటి వాకిలికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో వంగి దూరేంత చిన్న తలుపు ఒకటుండేది. పాతబస్తీ ఇళ్లల్లో ఆడవాళ్లు వీధిలోకి దిగకుండా ఇంట్లోంచి ఇంట్లోకి పోవడానికి అట్లాంటివి పెట్టుకునేవాళ్లు, ఖిడికీ అనేవాళ్లం. ఆ ఖిడికీ అవతల ఒక ముస్లిం పెద్దామె, ఆమె కోడలు ఉండేవాళ్లు. పెద్దామెకు అరవై దాటి ఉంటాయి. ఆమె తండ్రి ఏదో పెద్ద నవాబుగారి దేవిడీలో రాతపని చేసే మున్షీగా ఉండి, ఇంట్లో మగపిల్లలు లేక కూతురికే ఫారసీ అంతా నేర్పించాడట. ఆ చదువు అన్నం పెట్టలేదు. లక్క గాజుల్లో రాళ్లు పొదిగే పనే అన్నం పెట్టింది. కోడలు నిప్పుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి గాజు చుట్టూ తిప్పి ఇస్తే, అత్త చిన్న చీరణంతో రాళ్లు నొక్కేది. గల్లీలో పిల్లలకు చదువు చెప్పినది గనక అందరికీ ఆమె ఉస్తానీమా. నాకూ అంతే.

మా అత్తను ఒప్పించడం కష్టమవుతుందనుకున్నాను. కాలేదు. ఆకలి ఆమెకూ తెలుసు. ఒకటే మాట అన్నది.

"చదువుకు మైల లేదు, ఒంటికి ఉంటది. పో, నేర్చుకో. వచ్చినంక తానం చెయ్యి, కట్టుబట్ట పిండెయ్యి. ఆ ఇంట్ల నీళ్లు ముట్టకు. పొడి వస్తువు ముట్టినా ఏం కాదు, తడి వస్తువు ముట్టకు."

ఇందులో నాకేమీ వింత కనిపించలేదు. మా పుట్టింట్లోనూ అదే పద్ధతి. పొడికి అంటు లేదు, తడికి ఉంది. బడి నుంచి వచ్చి, మొహం కడుక్కుని, ఖిడికీలోంచి వంగి అవతలికి పోయేదాన్ని. పొద్దుగుంకే వేళకు తిరిగి వచ్చేదాన్ని. మా అత్త పొద్దుటి నుంచి వాకిట్లో ఎండకు పెట్టిన ఇత్తడి బిందెతో సిద్ధంగా ఉండేది. నెత్తిన కుమ్మరించేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని గొణుగుతూనే కుమ్మరించేది.

మొదటి రోజు ఉస్తానీమా కోడలు ఒక కటోరాలో మంచినీళ్లు తెచ్చి ముందు పెట్టింది. "ఇయ్యాల ఒక్కపొద్దు భాభీ" అన్నాను. రెండో రోజు చాయ్ తెచ్చింది. ఆ రోజూ ఒక్కపొద్దే. మూడో రోజు ఉస్తానీమా నా మొహంలోకి చూసి నవ్వింది.

"మస్తు ఒక్కపొద్దులున్నయి బిడ్డా మీకు. మాకు ఏడాదికి ఒక్క నెలనే."

నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ ఇంట్లో నాకెవరూ ఏమీ పెట్టలేదు. బాగా తప్పించుకున్నాననే అనుకున్నాను.

ఫీజు గీజు ఏమీ వద్దన్నది ఆమె. "నా కండ్లు మసకబారినయి. నువ్వు రాళ్లు ఏరిపెట్టు, నేను మాటలు చెప్త" అన్నది. ఎర్రవి ఒక పక్క, పచ్చవి ఒక పక్క, తెల్లవి ఒక పక్క ఏరిపెట్టేదాన్ని. రాళ్లు పొడి వస్తువులు కదా. ఫారసీలో ఒక క్రియను ఆరు రకాలుగా తిప్పి చెప్పాలి, దాన్ని గర్దాన్ అంటారు. ఆమె చేసే గాజుల మీద ఒక్కో పువ్వుకు ఆరు రాళ్లు. లక్క వేడిగా ఉండగానే రాయి నొక్కాలి, చల్లారితే పట్టదు, నొక్కితే పగులుతుంది. అందుకని ఆమె నొక్కుతుంటే నేను చెప్పాలి. లక్క చల్లారేలోపు ఆరు రాళ్లూ కూర్చోవాలి, నా నోట్లోంచి ఆరు మాటలూ రాలాలి. నేను నీళ్లు నమిలితే పువ్వు చెడిపోయేది. చెడిన పువ్వును ఆమె చీరణంతో పెకిలించి, లక్కను కోడలికి తిరిగి ఇచ్చేది. తిట్టేది కాదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

నన్ను ఏడిపించింది దాదన్ అనే క్రియ. ఇవ్వడం అని అర్థం. జరిగిపోయినది చెప్పేటప్పుడు మంచిదానిలాగే ఉంటుంది: దాద్, దాదంద్, దాదీ, దాదేద్, దాదమ్, దాదేమ్. వాడు ఇచ్చాడు, వాళ్లు ఇచ్చారు, నువ్వు ఇచ్చావు, మీరు ఇచ్చారు, నేను ఇచ్చాను, మేం ఇచ్చాం. ఆ వరసలో అవతలివాళ్లు ముందు, నేను అనేది చివరికి వస్తుంది. "గట్లెందుకు ఉస్తానీమా?" అంటే, "తినేకాడ ఎదుటోనికి ముందు పెడతమా, మనం ముందు పెట్టుకుంటమా?" అన్నది ఆమె. పెట్టడం, తినడం మాట వచ్చేసరికి నేను రాళ్ల పళ్లెంలోకి చూపు దించుకున్నాను.

జరుగుతున్నది చెప్పాల్సి వచ్చేసరికి ఆ దాదన్ వేషమే మార్చేసేది. దిహద్, దిహంద్, దిహీ. దాద్ ఎక్కడికి పోయిందో, ఈ దిహ్ ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకర్థం కాలేదు. నేను ప్రతిసారీ దాదద్ అనేదాన్ని, పువ్వు చెడిపోయేది.

"ఇదేం భాష? ఒక మాటకు రెండు మొకాలు" అని విసుక్కున్నాను ఒకరోజు.

"మీ తెలుగుల లేదా? 'నిన్న వచ్చిన' అంటవు. పిలిచేటప్పుడు 'వచ్చు' అంటవా, 'రా' అంటవు. 'వచ్చుడు'కు, 'రా'కు ఏం చుట్టరికం చెప్పు." ఉస్తానీమా కళ్లు ఎత్తకుండానే ఇంకో రాయి నొక్కింది. "నిత్యం వాడే మాటలే గిట్ల వంకర తిరుగుతయి బిడ్డా. మూల పెట్టిన చెంచ ఎందుకు వంగుతది? రోజు చేతిల ఉన్నదే వంగుతది."

నేను పుట్టి పెరిగిన భాషలో ఉన్న వంకరను నాకు చూపించింది ఆమె.

వానాకాలమంతా చదువు బాగానే సాగింది. పొద్దుగుంకగానే వచ్చే మగ్రిబ్ అజాన్ వినిపించేదాకా చెప్పేది, అజాన్ కాగానే నేను లేచేదాన్ని. పుష్యమాసం వచ్చింది, చలి పెరిగింది. పరీక్షకు ఇంక రెండు నెలలే. దాదన్‌లాంటి వంకర క్రియలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఉస్తానీమా పాఠం కుదించడం మొదలుపెట్టింది. అజాన్‌కు ఇంకా చాలా సమయం ఉండగానే, గోడ మీద ఎండ ఉండగానే, చీరణం కింద పెట్టి, "ఇంగ పో బిడ్డా" అనేది. ఒక రోజు పోనీ అనుకున్నాను, రెండు రోజులు పోనీ అనుకున్నాను. నేను వచ్చేశాక కూడా గోడ అవతల కుంపటి చప్పుడు, వాళ్ల మాటలు వినిపించేవి. అంటే పని నడుస్తూనే ఉంది. పాఠమే ఆగింది. నాకు లోపల ఉడికిపోయింది.

వారం రోజుల తర్వాత నోరు జారాను.

"గింతనేనా ఉస్తానీమా ఇయ్యాల?"

"గింతనే బిడ్డా. పొద్దు పోతున్నది."

"ఏడ పోయింది పొద్దు? గోడ మీద ఎండ కనపడుతనే ఉన్నది. చెప్పుడు ఇష్టం లేకుంటే లేదని చెప్పున్రి. రాళ్లు ఏరనీకె నేను గావాలె, చదువు చెప్పనీకె మాత్రం మీకు పొద్దు పోతది."

కుంపటి దగ్గర కోడలి చెయ్యి ఆగింది. ఉస్తానీమా నన్ను చూడలేదు. ఒళ్లో పడిన రాళ్లను ఒక్కొక్కటే తీసి పళ్లెంలో వేసింది. "పో బిడ్డా. మీ అత్త ఎదురు చూస్తుంటది" అన్నది, రోజూ అనే గొంతుతోనే.

నేను లేచి విసవిసా ఖిడికీ దాకా వచ్చాను. వంగబోతుంటే కోడలు వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె మెత్తని మనిషి, ఎప్పుడూ గొంతు లేపి ఎరగదు. అప్పుడు కూడా లేపలేదు, అత్తకు వినిపించకుండా మెల్లగానే మాట్లాడింది.

"మా అత్త చెప్పద్దన్నది. అయినా చెప్తున్న. నువ్వు గీ ఖిడికీ దాటంగనే మీ అత్త నీ నెత్తి మీద నీళ్లు గుమ్మరిస్తది. మాకు ఇనపడదనుకున్నవా? మొదటి దినం నుంచి ఇంటున్నం. వానకాలం ఎట్లనో పోయింది. ఇప్పుడు సలి. పొద్దు గుంకినంక సల్లనీళ్లు పోసుకుంటే పిల్లకు దగ్గు పట్టుకుంటది, బిందెల ఎండ వేడి ఉండంగనే పంపియ్యాలె అంటది. నీ తానం సప్పుడు ఇన్నంకనే మా ఇంట్ల దీపం పెడతది. అప్పటిదాంక దానిదే ఫికర్ ఆమెకు."

నాకు తల కొట్టేసినట్టయింది. వానాకాలమంతా నేను ఒళ్లు తుడుచుకునే వేళకు రోజూ ఆ ఖిడికీ సందులోంచి పచ్చటి వెలుగు గీత పడేది. కిరసనాయిలు పొదుపు చేస్తున్నారని అనుకునేదాన్ని. నా ఒక్కపొద్దులూ, నా తప్పించుకోవడాలూ అన్నీ వాళ్లకు మొదటి రోజే తెలుసు. వాళ్లను అంటుకుని వచ్చానని నేను కడుక్కుంటుంటే, ఆ కడుక్కునే నీళ్లు చల్లబడకూడదని ఆ ముసలామె పాఠం ఆపేది. నేనేమో రాళ్లు ఏరించుకుంటున్నారని అన్నాను.

వెనక్కి పోయి ఆమె కాళ్ల మీద పడాల్సింది. పడలేదు. ఖిడికీ దాటి ఇవతలికి వచ్చాను, మా అత్త నెత్తిన నీళ్లు కుమ్మరించింది, నేను కళ్లు మూసుకుని నిలబడ్డాను. నిజం చెప్పాలి గనక చెబుతున్నాను, ఆ రోజు కూడా స్నానం చేశాను. నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి.

మర్నాడు పోవాలంటే కాళ్లు రాలేదు. పోకపోతే పరీక్ష పోతుంది. పోయాను. క్షమించమని అడుగుదామని దారి పొడుగునా అనుకున్నాను, దారి అంటే ఎంత, పది అడుగులు. ఉస్తానీమా రాళ్ల పళ్లెం నా ముందుకు జరిపి, "దాదన్" అన్నది. నేను "దిహద్, దిహంద్" అని మొదలుపెట్టాను. అంతే, ఆ మాట అక్కడే ఉండిపోయింది. ఇంట్లో మా అత్తకు ఎదురు చెప్పే ధైర్యమూ నాకు చాలలేదు. నేను తల దాచుకున్నది మా అత్త ఇంట్లో. ఎండ ఉండగానే ఉస్తానీమా పొమ్మనేది, నేను మారు మాట్లాడకుండా లేచేదాన్ని. బదులుగా పొద్దున బడికి పోయే ముందు ఒక అరగంట రమ్మన్నది. అప్పుడెట్లాగూ స్నానం చెయ్యాలి కదా నువ్వు అని ఆమె అనలేదు, నాకే తోచింది.

పరీక్షలో దాదన్ వచ్చింది. కలం పెట్టానో లేదో, వేడి లక్క వాసన ముక్కుకు తగిలి ఆరు మాటలూ వరసగా పడ్డాయి. పాసయ్యాను. బడి నుంచి సరాసరి అంగడికి పోయి చక్కెర పొట్లం కట్టించుకున్నాను. ఇంట్లో చేసిన తీపి ఏదైనా గిన్నెలో పెట్టుకుపోవచ్చు, కానీ గిన్నె తిరిగి వస్తే మా అత్త చింతపండుతో తోమి నిప్పుల మీద కాలుస్తుంది, ఆ చప్పుడూ వాళ్లు వింటారు. ఇదంతా లెక్క వేసుకునే పొట్లం కొన్నాను.

ఉస్తానీమా జ్వరంతో మంచం మీద ఉంది. కోడలు గాజులు అప్పజెప్పడానికి బజారుకు పోయింది. నేను పాసయ్యానని చెబితే ఆమె కళ్లు మెరిశాయి. "చెప్పు మరి" అన్నది. పక్కన కూర్చుని మొత్తం గర్దాన్ చెప్పాను, ఎక్కడా తడబడలేదు. ఆమె పడుకునే బొటనవేలితో దుప్పటి మీద రాళ్లు నొక్కినట్టు నొక్కింది, ఆరుసార్లు.

తర్వాత దగ్గు వచ్చింది. ఆగకుండా దగ్గింది.

"బిడ్డా, జర నీళ్లియ్యి."

మంచినీళ్ల కూజా నా చేతికి అందేంత దూరంలో ఉంది. మట్టి కూజా, చెమ్మగా, మీద కటోరా బోర్లించి ఉంది. నేను చెయ్యి చాపాను. చాపిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. నేను ఆపలేదు, నా మీద ఒట్టు, నేను ఆపలేదు. అదే ఆగింది. తడి వస్తువు. అన్నీ తెలిసి, రెండు నెలలు కుమిలిపోయి, ఆమె పుణ్యాన అన్నం సంపాదించుకుని కూడా నా చెయ్యి ఆగింది. ఒక పువ్వులో రెండు రాళ్లు నొక్కేంతసేపు, అంతకన్నా ఎక్కువ కాదు.

ఆమె నా మొహం చూడలేదు. నా చేతిని చూసింది.

"ఉండనియ్యి బిడ్డా. నేను తీసుకుంట" అని మోచెయ్యి మీద లేచింది. నేను గబుక్కున కూజా మీద చెయ్యి వేశాను. అప్పటికే కటోరా ఆమె చేతిలో ఉంది. తనే వంపుకుంది, సగం పక్క మీద పోసుకుంది, తాగింది. కటోరాను మళ్లీ కూజా మీద బోర్లించి, "అల్లా నీకు మంచి చేస్తడు, పిల్లలకు మంచిగ చెప్పు" అన్నది. నేను చక్కెర పొట్లం మంచం కోడు దగ్గర పెట్టి, దొంగలాగా ఖిడికీ దాటాను.

మా అత్త బిందెతో నిలబడి ఉంది.

"ఇయ్యాల చెయ్య" అన్నాను.

"ఏంది?"

"తానం చెయ్య. ఇంగ ఎన్నడు చెయ్య."

మా అత్త బిందె నేల మీద పెట్టి, దాని పక్కనే చతికిలబడింది. లొల్లి చేస్తుందనుకున్నాను, చెయ్యలేదు. ఉద్యోగం ఖాయమైందని ఆమెకూ తెలిసింది మరి. నేను గడప మీద కూర్చున్నాను. ఎండ గోడ దిగిపోయింది. అజాన్ అయింది. బజారు నుంచి కోడలు తిరిగి వచ్చిన అలికిడి వినిపించింది. నాలో ఒక మొండి సంతోషం. వినాలి ఉస్తానీమా, ఈ రోజు నీళ్ల చప్పుడు లేదు, ఈ పిల్ల కడుక్కోలేదు అని తెలుసుకోవాలి. నోటితో అడగలేని క్షమాపణ ఇట్లా అడుగుతున్నాననుకున్నాను.

ఖిడికీ సందులో వెలుగు గీత పడలేదు. చీకటి పడింది. అవతల ఇల్లు చీకట్లోనే ఉంది. కాసేపటికి చెప్పుల చప్పుడు, గోడ పట్టుకుని నడిచి వస్తున్న చప్పుడు. ఖిడికీ చెక్క మీద రెండుసార్లు తట్టారు. జ్వరంతో బొంగురుపోయిన గొంతు.

"బిడ్డా, ఇంట్ల నీళ్లు లెవ్వా?"

ఉస్తానీమా మళ్లీ తట్టింది.

"లేకుంటే చెప్పు. మీ వాళ్లతోనే తెప్పిస్త గల్లీ నల్ల కాడికెంచి. మేం ముట్టం."

మా అత్త నా వంక చూసింది. నేను లేచి ఆమె పక్కనున్న బిందె ఎత్తి, నెత్తి మీద కుమ్మరించుకున్నాను, అవతలికి బాగా వినిపించేటట్టు. నీళ్లు చల్లగా ఉన్నాయి. తడిబట్టలతో అక్కడే నిలబడ్డాను. కాసేపటికి అవతల దీపం పెట్టారు.